అరచేత్తో కొన్న స్వెట్టరు

బావా,

ముందు నవ్వేసుకో, తర్వాత చదువు. ఉన్ని స్వెట్టరు కొన్నాను. ఇన్నేళ్లూ నువ్వు ఏది వద్దని మొత్తుకున్నావో అదే, నువ్వు ఊరికి పోయిన రెండో నెలలోనే.

అల్ రాయ్‌లో శుక్రవారం సంతకి పోయాను. మూడు దినార్లు చెబితే ఒకటిన్నరకి దింపాను. 'పట్టుకుని చూశావా?' అని అడుగుతావు, తెలుసు. చూశాను. అరచేత్తో రుద్ది రుద్ది చూశాను, మెత్తగానే ఉంది. ఇరవై ఏళ్లు స్టీరింగు తిప్పి కాయలు కాసిన అరచెయ్యి బావా ఇది, దానికి కంపచెట్టయినా మెత్తగానే ఉంటుంది. స్వెట్టరు మొరటుదని మెడకి తెలిసేసరికి అర్ధరాత్రయింది, అదీ ఎడారిలో.

కువైట్‌లో ఉన్ని బట్టలేమిటని మన ఊళ్లో ఎవరైనా నవ్వితే నువ్వే సమాధానం చెప్పు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టిన దేశమే ఇది. ఎండాకాలం మిద్దెమీద ట్యాంకు నీళ్లు మసిలిపోతుంటే, గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్లే చల్లనివని పోసుకున్నవాళ్లం మనం. అదే దేశంలో డిసెంబరు మొదటి వారంలో మురబ్బానియా చలి మొదలవుతుంది. మన ధనుర్మాసానికి పది రోజులు ముందొచ్చి, సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా పోతుంది. ఆ నలభై రోజులూ ఎడారిలో తెల్లవారుజామున ఎట్లుంటుందో నీకు చెప్పాలా?

నేను బండి తోలే ఇంటి బాబా వాళ్లు ఎప్పట్లాగే ఎడారిలో ఖైమా గుడారం వేశారు. శుక్రవారం రాత్రి చుట్టాలొచ్చారు. నేను కొత్త స్వెట్టరులో దిగాను, లోపల ఏమీ లేకుండా. ఎందుకంటావా? లోపల చొక్కా వేస్తే బొజ్జ ఎత్తుగా కనపడుతుందని. ఇంక దాచేదేముంది నీ దగ్గర! గహ్వా, అదే వాళ్ల కాఫీ, పొయ్యమన్నారు. ఎడమ చేత కాఫీ కూజా దల్లా, కుడి చేత గిన్నెలు. సరిగ్గా రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడే మెడ చుట్టూ గొంగళిపురుగులు పాకడం మొదలయింది. భుజంతో చెవి రాసుకుంటూ, వీపు గుంజకి ఆనించి కదుపుకుంటూ ఎనిమిది మందికి పోశాను. ఒక పెద్దాయన నన్ను చూసి, గిన్నె గబగబా ఊపి ఇక చాలన్నాడు.

గదికొచ్చాక ఇంకో కథ. మెడా మణికట్లూ ఎర్రగా కందిపోయి గోక్కుంటుంటే, మనవాళ్లు నా దుప్పటి తీసి మూలకి నెట్టారు. గజ్జేమోనని వాళ్ల భయం. తప్పు పట్టలేం, ఒకే గదిలో ఆరు మంచాలు. కింద మందుల షాపులో మలయాళీ కుర్రాడు మటుకు నిదానంగా అడిగాడు: వేళ్ల సందుల్లో ఉందా? రాత్రుళ్లు ఎక్కువవుతోందా? గదిలో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? మూడింటికీ లేదనే చెప్పాను. స్వెట్టరు తగిలిన చోటే దురద, విప్పిన గంటకి సగం తగ్గింది. అయితే గజ్జి కాదు, ఉన్ని పడకపోవడమూ అయ్యుండదు, ఉన్ని నిజంగా పడనివాళ్లు చాలా తక్కువ అన్నాడు. మరేమిటి?

గుచ్చుకోవడం బావా, ఒట్టి గుచ్చుకోవడం. ఖైతాన్‌లో మన రాజంపేట టైలరన్న స్వెట్టరుని దీపానికెదురుగా పట్టి, పైకి లేచిన పోగుల కొసలు చూపించాడు. పోగు సన్నగా ఉంటే చర్మానికి తగలగానే వంగిపోతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను అట. 30 మైక్రాన్లు దాటిన పోగు వంగదు, సూదిలా నిలబడి చర్మం కింది నరాన్ని పొడుస్తుంది. నూటికి అయిదు పోగులు అలాంటివున్నా చాలామంది ఒళ్లు ఓర్చుకోదు. ఖరీదైన మెరినో ఉన్ని 20 మైక్రాన్ల లోపు ఉండేదయితే ఈ బాధ ఉండదు. 'ఉన్ని కొనేటప్పుడు చేత్తో కాదన్నా, మెడకో మోచేతి మడతకో రాసి చూడాల' అన్నాడు. చెప్పాను కదా, నేను చూసింది అరచేత్తో.

ఇది విన్నాక మళ్లీ ఖైమాకి పోయినప్పుడు చూపు మారింది. బాబా ఎప్పుడూ వేసుకునే ఫర్వా లేదూ, గొర్రెబొచ్చు లోపలికుండే ఆ పెద్ద కోటు, దాన్ని ఏనాడైనా ఒట్టి ఒంటి మీద వేసుకున్నాడా? లోపల బనీను, దాని మీద దిష్‌దాషా అంగీ, ఆ పైన ఫర్వా. గుడారంలో పరిచే ఎరుపూ నలుపూ సదూ నేత సంగతీ అంతే. గొర్రెబొచ్చు, ఒంటెబొచ్చు, మేకవెంట్రుకలతో బెదూ ఆడవాళ్లు నేలమగ్గం మీద నేసేది, 2020లో యునెస్కో జాబితాకెక్కింది కూడా. అదీ నేల మీదో, గుడారానికి అడ్డంగానో, ఒంటె వీపు మీదో ఉంటుంది. మనిషి మెడకి కాదు.

అంత దూరమెందుకు? మా తాత గొర్రెల వెంట పోతూ కప్పుకున్న గొంగళి గుర్తు తెచ్చుకో. దానికంటే మొరటు ఉన్ని ఈ కువైట్‌లో దొరుకుతుందా? కానీ కింద పంచె, పైన నూలు చొక్కా, తలకి గుడ్డ, వాటన్నిటి మీద గొంగళి. ఆయన గోక్కోవడం నేను చూడలేదు. గొర్రెలు కాసినవాళ్లందరికీ తెలిసిన సంగతి, గొర్రెల కాపరి మనవడికి తెలియకపోయె. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకునే రకం నేను!

తప్పంతా ఉన్నిదే కాదు, సగం నా స్నానానిదేనట. చలికని అరగంట సేపు మసిలే నీళ్లు, గట్టి సబ్బు, ఆ వెంటనే హీటరు ముందు కూర్చోవడం. ఎండిన చెరువులా నెర్రెలిచ్చిన చర్మానికి ఏ పోగైనా ముల్లే. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు, తుడిచీ తుడవకుండా తడిమీదే వ్యాసలిన్. గోళ్లు కత్తిరించాను. గోకితే దురద పెరుగుతుందేగానీ తగ్గదని నువ్వన్నప్పుడు వేదాంతమనుకున్నాను, మందుల షాపు కుర్రాడూ అదే అన్నాడు. పుండుపడి నీరు కారినా, రెండు వారాలకీ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. అంత దూరం రాలేదులే.

'ఇంకా ఆ స్వెట్టరు పారెయ్యలేదా?' అంటున్నావు కదూ. ఒకటిన్నర దినారు బావా! వేడినీళ్లలో ఉడకబెడితే మెత్తబడుతుందేమో అనుకున్నాను. పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని నీ కొడుకు సైజుకి ముడుచుకుంటుందని టైలరన్న ఆపాడు. చన్నీళ్లలో షాంపూ వేసి నానబెట్టి, పిండకుండా పరిచి ఆరేశాను. కొంచెం నయం. మొరటు పోగు మాత్రం సన్నబడదు కదా.

అందుకే అసలు సంగతి చివరికి దాచాను. పెట్టె బరువెక్కిందని మంచం మీద వదిలేసి పోయావే, రెండు పొడుగుచేతుల నూలు బనీన్లు, మసిగుడ్డలకి పనికొస్తాయని దాచాను. అందులో ఒకటి ఇప్పుడు నా ఒంటి మీదుంది, మెడకి తువ్వాలు, ఆ పైన స్వెట్టరు. దురద లేదు. నీ కొలత కాబట్టి బొజ్జ దగ్గర పట్టేస్తోంది, అంతే.

సంక్రాంతికి ఎవరైనా ఇటొస్తుంటే అరిసెలతో పాటు అలాంటివే ఇంకో రెండు పంపు. ఈసారి నా కొలతవి.

నీ
ఫర్వానియా బావ