ఇంటికి పెట్రోలు రంపము

గాలివానకు విరిగిన కొమ్మలను కోయుటకై బడంగ్‌పేటలోని మా యింటికి పెట్రోలు రంపమొకటి కొనదలచితిమి. అంగడివారు యంత్రబలమునే పొగడిరి. నేను గొలుసును తక్షణము నిలుపు బ్రేకున్నదా యని యడిగితిని. గొలుసు తిరుగు పట్టీకొన కొయ్యకు తగిలినచో, రంపము తటాలున మొగముమీదికి ఎగయవచ్చును. అప్పుడు బ్రేకే రక్షణ.

పెరటికొమ్మలకు 14 అంగుళముల పట్టీ చాలును. టూ-స్ట్రోక్ యంత్రమైనచో పెట్రోలులో దానికి తగిన నూనెను చెప్పిన పాళ్లలో కలుపవలెను. గొలుసునకు వేరు నూనె పోయవలెను. విడిభాగములు చేరువలో దొరకని రంపము చవుకయైనను కొనదగదు. నిచ్చెనపై నిలిచి దానిని పట్టరాదు. చెట్టునే కొట్టదలచినచో, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను.

ఇది పురుషుల బేరమని మనము ఊరకుండరాదు. గాయమైన చేతికి కట్టుకట్టువారము మనమే గదా!