పేలిందా... పేల్చామా?

‘గన్ మిస్‌ఫైర్... కానిస్టేబుల్ మృతి’. అప్పుడప్పుడూ పత్రికల్లో ఇలాంటి వార్త కనిపిస్తుంది. ‘అయ్యో పాపం’ అనుకుని పేజీ తిప్పేస్తాం. ముప్ఫయ్యేళ్లకు పైగా ఖాకీ వేసుకున్న నాకు మాత్రం ఆ ‘మిస్‌ఫైర్’ దగ్గరే చూపు ఆగిపోతుంది. నిజానికి ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. మనం అందుకు సరిగ్గా ఉల్టాగా వాడుతున్నాం. టైరు పేలింది, టపాకాయ పేలింది అన్నట్టే తుపాకీ కూడా ‘పేలింది’ అంటాం. ‘పేల్చాడు’ అనడానికి నోరు రాదు. పోయినవాడు మనవాడాయె. కానీ అలా అనేసరికి తప్పంతా ఇనుము మీదికి పోతుంది. 2023 ఆగస్టులో హైదరాబాద్ పాతబస్తీ కబూతర్‌ఖానాలో డ్యూటీలో ఉన్న ఒక హెడ్ కానిస్టేబుల్ తుపాకీ పేలి చనిపోయినప్పుడూ ఇదే మాట రాశారు.

నేను ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబుల్‌గా చేరాను. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక అక్కడే రిటైరయ్యాను. మా డ్యూటీలన్నీ తుపాకీతోనే. ఖైదీలను కోర్టుకు తీసుకెళ్లాలన్నా, బ్యాంకు డబ్బుకు కాపలా వెళ్లాలన్నా, కర్ణాటక సరిహద్దులో ఎన్నికల బందోబస్తుకు పోవాలన్నా భుజాన రైఫిల్ ఉండాల్సిందే. వికారాబాద్‌లో ప్యాసింజర్ బండెక్కి ధారూరు, రుక్మాపూర్ మీదుగా తాండూరు వెళ్లేటప్పుడు ఆ జనంలో పిల్లలు రైఫిల్‌ని ముట్టుకుని చూసేవారు. వాళ్ల తల్లులు ‘పోలీసాయన పట్టుకపోతడు’ అని బెదిరించేవారు. నా భయమల్లా ఆ గొట్టం ఎవరివైపు తిరిగి ఉందోనని.

తుపాకులన్నీ ఒకటే అనుకుంటారు చాలామంది. అన్నీ ఒకటే అయితే సగం ప్రమాదాలు జరగవు. మనుషుల్లాగే ఒక్కోదానికి ఒక్కో గుణం. పాత .38 రివాల్వర్ సాధువు. విప్పగానే ఆరు గదులూ కళ్లముందుంటాయి. తూటా ఉందో లేదో చిన్నపిల్లాడైనా చెబుతాడు. 9 ఎంఎం పిస్టల్ అలా కాదు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ పిస్టల్‌కు మూలం 1935లో బెల్జియంలో వచ్చిన బ్రౌనింగ్. మ్యాగజైన్‌లో పదమూడు తూటాలు పడతాయి. మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ నొక్కినా పేలదు. ఇది భద్రత కోసం పెట్టిన ఏర్పాటే. చిక్కల్లా ఇక్కడే ఉంది. గొట్టం మొదట్లో ఒక తూటా ఎక్కి ఉన్నా సరే, మ్యాగజైన్ లేకపోతే అది పేలదు. ట్రిగ్గర్ నొక్కి చూసినవాడు ‘ఖాళీ’ అనుకుంటాడు. మళ్లీ మ్యాగజైన్ పెట్టి ట్రిగ్గర్ నొక్కితే ఆ తూటా బయటికొస్తుంది.

ఆస్ట్రియా నుంచి వచ్చిన గ్లాక్‌ది ఇంకో దారి. దానికి బొటనవేలితో వేసే సేఫ్టీ లేదు. మ్యాగజైన్ తీసేసినా లోపల తూటా ఉంటే పేలుతుంది. శుభ్రం చేయడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. పాత పిస్టల్‌తో ఏళ్లతరబడి అలవాటుపడ్డ చెయ్యి కొత్తదాని మీద అదే పని చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకసారి రాత్రి డ్యూటీ దిగిన ఒక యువ అధికారి తన పిస్టల్ మా టేబుల్ మీద పెట్టారు. మ్యాగజైన్ తీసి పక్కన ఉంచారు. నా ఎదుటే గోడవైపు తిప్పి ట్రిగ్గర్ కూడా నొక్కారు. ‘చూశావుగా, ఖాళీ’ అన్నారు. రిజిస్టర్‌లో సంతకం నాది. ‘సార్, ఒక్కసారి స్లైడ్ లాగి చూపించండి’ అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. పక్కనున్న కానిస్టేబుల్ నా మోచెయ్యి గిల్లాడు. పెద్దాఫీసర్ని అడిగే మాటేనా అని. నేను చెయ్యి చాచలేదు. ఆయన విసురుగా స్లైడ్ లాగారు. పసుపురంగు తూటా ఒకటి ఎగిరి కిందపడి, తాండూరు బండల మీద టింగుటింగుమంటూ దొర్లింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయనే వంగి దాన్ని తీసి జేబులో వేసుకోబోయి, ఆగి నా చేతికిచ్చారు. మర్నాటి నుంచి ఎవరూ అడగకముందే స్లైడ్ లాగి, లోపల వేలుపెట్టి తడిమి మరీ ఇచ్చేవారు.

తూటా అలా దొర్లింది కాబట్టి సరిపోయింది. పేలి ఉంటే? రాతి నేల మీద తగిలిన గుండు అక్కడే ఆగదు. ఏ మూలకు తిరిగి లేస్తుందో చెప్పలేం. మా ఊళ్లలో స్టేషన్లు, బళ్లు, బందోబస్తులో మేం పడుకునే గదులు అన్నీ బండపరుపులే. అందుకే ఆయుధం ఖాళీ చేసేచోట ఇసుక నింపిన డ్రమ్ము ఉండాలని, గొట్టం దానివైపే తిప్పాలని నేర్పేవాళ్లం. ముందు మ్యాగజైన్ తియ్యాలి. తర్వాత స్లైడ్ లాగాలి. ఈ వరస తిరగబడితే మ్యాగజైన్‌లోని పైతూటా లోపలికెక్కి కూర్చుంటుంది. అలసిపోయి, నిద్రమత్తులో ఉన్నవాడికి తప్పేది ఈ వరసే. ఆపైన కంటితో చూడాలి, వేలితో తడమాలి. అంతా కలిపి అర నిమిషం పని.

పరేడ్‌లో ‘జాంచ్ శస్త్ర్’ అని కేకేస్తే వందమందీ ఒకేసారి ఆయుధం తెరిచి చూపిస్తారు. అక్కడ ఎవరికీ నామోషీ లేదు. అదే నలుగురున్న గదిలో కిందివాడు పైవాణ్ని ‘చూపించండి సార్’ అంటే మాత్రం అవమానమైపోతుంది. నేను చూసిన ప్రమాదాల్లో తుపాకీ లోపం కంటే ఈ మొహమాటమే ఎక్కువ.

మామూలు మనిషి తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సుకు ఎన్నో గడపలు తొక్కాలి. పెళ్లి బరాత్‌లో నిర్లక్ష్యంగా గాల్లోకి కాలిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించేలా 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించారు. డ్యూటీలో ఉన్న పోలీసును లైసెన్సు అడిగేవారు లేరు. ప్రజలు ఆ నమ్మకం ఉంచారు కాబట్టే మా లెక్క మరింత గట్టిగా ఉండాలి.

కొందరు అధికారుల దగ్గర, గన్‌మెన్ దగ్గర ఆ ఆయుధం ఇంటిదాకా వస్తుంది. అలాంటి ఇళ్లలోని అమ్మలకూ అక్కలకూ ఒక మాట. మీవారు రాత్రి ఇంటికొచ్చి బెల్టు తీసి మేకుకు తగిలిస్తుంటే ఊరుకోవద్దు. ఖాళీ చేశారా అని అడగండి. పిస్టల్ ఒకచోట, మ్యాగజైన్ ఇంకోచోట తాళం వేయించండి. పిల్లలు ‘నాన్నా, ఒక్కసారి చూస్తా’ అంటే వద్దనండి. ఆయనకు కోపం రావచ్చు. అన్నం తిన్నాక తగ్గిపోతుంది.