వేడినీళ్ల ఊళ్లో అమ్మతో...

'స్నానం చేయడానికి జపాన్ దాకా ఎందుకురా? మన అమీర్‌పేటలో గీజరు లేదా?' టికెట్ల సంగతి చెప్పగానే అమ్మ అన్నమాట ఇది. మోకాళ్లకు వేడినీళ్ల కాపడం ఆమెకు రోజూ ఉండేదే. వేసవి వస్తే మా అపార్ట్‌మెంట్‌లో ఆ నీళ్లు కూడా ట్యాంకర్‌తో కొనుక్కున్నవే. అలాంటిది, భూమిలోంచి కాగిన నీళ్లు వాటంతటవే పొంగే ఊరనీ, ఎవరైనా పైసా కట్టకుండా స్నానం చేయొచ్చనీ చెప్పేసరికి మెత్తబడింది. 'చిన్నప్పుడు భద్రాచలం వెళ్తే గుండాలలో గోదావరి ఇసుక తవ్వి వేడినీళ్లు పోసేది మా అమ్మ' అంటూ పెట్టె సర్దేసింది, ఆవకాయ సీసాతో సహా!

మేం వెళ్లిన ఊరి పేరు నొజావా ఆన్సెన్. జపాన్ కొండల్లో, నగానో ప్రాంతంలో ఉంది. ఆన్సెన్ అంటే వేడినీటి బుగ్గ. నగానో అనగానే గుర్తొచ్చేది 1998 శీతాకాల ఒలింపిక్స్. మన దేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్కడు, పదహారేళ్ల శివ కేశవన్. మంచుబాట మీద వెల్లకిలా పడుకుని బల్ల మీద జారుతూ దూసుకుపోయే 'ల్యూజ్' పోటీలో 28వ స్థానంలో నిలిచాడు. ఆ పోటీలకు నాలుగు నెలల ముందు, 1997 అక్టోబరులో, టోక్యో నుంచి నగానోకు బులెట్ రైలు మొదలైంది. ఇప్పుడది నగానో దాటి ఇంకా ముందుకు వెళ్తోంది. మేం ఇయామాలో దిగి బస్సెక్కాం. సొరంగం దాటిన ప్రతిసారీ బయట మంచు ఇంకాస్త పెరుగుతూ వచ్చింది.

బస్సు దిగగానే ముక్కుకు గంధకం వాసన తగిలింది. 'దీపావళి మర్నాడు మన వీధిలా ఉందిరా' అంది అమ్మ. సన్నటి సందులు, కాలువల్లోంచి ఆవిర్లు. ఊరి మధ్యన ఒగామా అనే బుగ్గలో నీళ్లు దాదాపు 90 డిగ్రీల వేడి. ఊళ్లోవాళ్లు కూరగాయలూ గుడ్లూ అందులోనే ఉడికించుకుంటారు. బయటివాళ్లం కంచె ఇవతల నుంచి చూడాల్సిందే. నొజావానా అనే ఆకుకూరతో ఇక్కడ ఊరగాయ పెడతారు. అమ్మ రుచి చూసి 'ఉప్పు సరే, కారమేదీ?' అని సీసా మూత తీసింది.

ఊళ్లో ఇలాంటి స్నానశాలలు పదమూడున్నాయి. ఏ కంపెనీవీ కావవి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లే 'యు నకామా' అనే బృందాలుగా ఏర్పడి వంతులవారీగా కడుగుతారు, ఖర్చులు పంచుకుంటారు. తలుపు దగ్గర ఓ పెట్టె ఉంటుంది, తోచింది వేయొచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు కడిగించే విషయమై ఏడాదికోసారి జరిగే యుద్ధం గుర్తొచ్చింది నాకు!

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఆడా మగా వేరువేరే గానీ, లోపల ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ముందు ఒళ్లు శుభ్రంగా కడుక్కుని తర్వాతే తొట్టెలో దిగాలి. 'గుండాలలో చీరతోనే మునిగాం. చచ్చినా వెళ్లను' అని అమ్మ గుమ్మం నుంచే వెనక్కి తిరిగింది. రెండ్రోజులు కాళ్లు ముంచుకునే తొట్టెతోనే సరిపెట్టుకుంది. నేను మాత్రం ఏమన్నా శూరుడినా? నేనూ వెళ్లలేదు. స్కీయింగ్ చేస్తానని కొండెక్కాను. 1998లో బయాథ్లాన్ పోటీలు జరిగింది ఈ ఊళ్లోనే మరి! నేను పడ్డచోటే మళ్లీ పడుతుంటే, అయిదేళ్ల పిల్లలు పక్కనుంచి దూసుకుపోయారు.

మర్నాడు ఒక్కణ్నే జిగొకుడాని వెళ్లాను. ఆ పేరుకి 'నరకలోయ' అని అర్థం. మంచులో కిలోమీటరున్నర పైగా నడిస్తే, వేడినీళ్లలో మెడదాకా మునిగి కళ్లు మూసుకున్న కోతులు కనిపించాయి. 1964 నుంచి ఇది కోతుల పార్కు. సాయంత్రం వీడియో చూపిస్తే అమ్మ చాలాసేపు చూసింది. 'వీటికున్న పాటి ధైర్యం నాకు లేదన్నమాట' అంది.

తెల్లారి ఆరింటికే చలికోటు వేసుకుని సిద్ధం! ఊరి మధ్యలోని ఓయు అనే చెక్క స్నానశాలకు వెళ్లాం. తనో తలుపులోంచి, నేనో తలుపులోంచి. నా తొట్టెలో కాలు పెట్టి చురుక్కుమని తీసేశాను. అక్కడున్న తాతగారు నవ్వి పక్క తొట్టె చూపించారు. అది కొంచెం నయం. ఇంతలో గోడ అవతల నుంచి 'అమ్మో!' అని కేక. వెంటనే నలుగురైదుగురు ఆడవాళ్ల నవ్వులు. తర్వాత ఎంతసేపటికీ చప్పుడు లేదు.

బయటికొచ్చేసరికి అమ్మ మొహం ఎర్రగా ఉంది.

'లోపలొక ముసలావిడ నీళ్లు పోసి వీపు రుద్దింది. మా అమ్మ పోయాక నా వీపు ఎవరూ రుద్దలేదురా' అంది.

పెట్టెలో చిల్లర వేసి, మిగతా పన్నెండూ ఎక్కడున్నాయో మ్యాపులో చూపించమంది.