ఘోటుల్ చెంత ఒక దాంపత్యం

ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు వెళ్ళి అక్కడ రాజ్యం స్థాపించాడన్న ఐతిహ్యం వల్ల బస్తరు తెలుగువారికి పరాయిసీమ అనిపించదు. నేడు ఛత్తీస్‌గఢ్‌లో భాగమైన ఆ అరణ్యప్రాంతం 1940 నాటికి ఒక స్వదేశ సంస్థానం. ఆ సంవత్సరమే వెరియర్ ఎల్విన్ ఆ సంస్థానానికి గౌరవ మానవశాస్త్రవేత్త అయ్యాడు. ఆ ఏప్రిల్‌లోనే ఆయన మండ్లా జిల్లాకు చెందిన రాజ్‌గోండు యువతి కోసీని గోండుల ఆచారం ప్రకారం పెండ్లాడాడు.

ఆ ఇద్దరి మధ్య దూరం సామాన్యమైనది కాదు. ఎల్విన్ 1902లో ఇంగ్లండులో ఒక బిషప్పు కుమారుడుగా పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో క్రైస్తవ సేవాసంఘం సభ్యుడుగా పూనా చేరినవాడు. గాంధీజీ ప్రభావానికి లోనై, 1932లో మిత్రుడు శామరావు హివాలేతో కలసి మండ్లా గోండు పల్లెలలో నివాసం ఏర్పరచుకొని, క్రమంగా చర్చికి దూరమయ్యాడు. కోసీ ఆ పల్లెల బిడ్డ. ఆయన నడిపిన బడిలోనే అక్షరాలు నేర్చిన అమ్మాయి. పెండ్లినాటికి ఆయనకు ముప్పయ్యేడేళ్ళు. ఆమె ఆయనకన్న వయసులో ఎంతో చిన్నది. ఆ తర్వాత బస్తరు జీవితంలో ఆమె ఆయన వెంట ఉన్నది.

బస్తరులో ఎల్విన్ పరిశీలనకు ప్రధాన విషయం ప్రేమే కావడం విశేషం. మురియా గోండుల గ్రామాలలో అవివాహితులైన యువతీయువకులు రాత్రివేళ కలసి గడిపే సామూహిక గృహమే ఘోటుల్. దానిని నెలకొల్పినవాడు లింగో దేవుడని వారి విశ్వాసం. అందులోని యువకుడు చేలిక్, యువతి మోతియారి. చేలిక్ చెక్కి ఇచ్చిన కొయ్యదువ్వెనలను మోతియారి తలలో ధరిస్తుంది. కొన్ని ఘోటుళ్ళలో జంటలు స్థిరమైనవి. మరికొన్నింట ఎవరూ ఒకరినే అంటిపెట్టుకొని ఉండరాదన్న నియమం. పెండ్లి మాత్రం సాధారణంగా పెద్దలు కుదిర్చినదే. ఘోటుల్ చెలిమి అంతటితో ముగుస్తుంది. 1947లో వెలువడిన ఏడువందల పైచిలుకు పుటల గ్రంథంలో ఎల్విన్ ఈ వ్యవస్థను ఎంతో ఆదరంతో వర్ణించాడు. మురియాలలో విడాకులు నూటికి మూడుకన్న తక్కువేనని లెక్కకట్టి చూపాడు.

రెండేళ్ళు గడిచేసరికి ఆయన దాంపత్యమే విచ్ఛిన్నమైంది. ఆయన అభ్యర్థనపై 1949లో కలకత్తా హైకోర్టు విడాకులు మంజూరు చేసింది. ఆనాటి పెండ్లి జరిగిన తీరు కోసీ వారందరికీ తెలిసినదే. ఆ బంధం తెగిపోయిన చోటు మాత్రం ఆమె పల్లెకు ఎంతో దూరాన ఉన్నది. అక్కడి భాష గాని, పద్ధతి గాని ఆమె వారివి కావు. తమలో తగవు పడితే కులపెద్దల ఎదుట తానే నిలిచి మాట్లాడే వీలున్న సమాజం ఆమెది.

బస్తరులోనే ఇటువంటి దూరాన్ని గురించిన కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. ఝిట్కూ, మిట్కీల కథ అది. ఏడుగురు అన్నల చెల్లెలైన మిట్కీని వలచి, పరవూరి ఝిట్కూ అత్తవారింటనే ఉండిపోయాడు. గోండులలో లామ్‌సేనా అనే ఆచారం ఉన్నది. పిల్లనిచ్చే ఇంట ఏళ్ళ తరబడి చాకిరీ చేసి అల్లుడయ్యే ఆ పద్ధతి మన ఇల్లరికానికి దగ్గరిది. చెరువులో నీరు నిలవాలంటే నరబలి తప్పదని నమ్మిన అన్నలు ఆ పరాయివాణ్ణే బలి ఇచ్చారు. మిట్కీ కూడా ప్రాణం విడిచింది. తరువాత ప్రజలు ఆ ఇద్దరినీ దేవతలుగా కొలిచారు. కొండగావ్ శిల్పులు నేటికీ కంచులోహంలో వారిని పోతపోస్తున్నారు.

తన ఊరు విడిచి అవతలివారి ఇంట చేరినవారికి తిరిగి వెళ్ళే దారి ఉండదన్నది ఈ కథలోని కఠోర సత్యం. ఎల్విన్‌కు మాత్రం దారులు మూసుకుపోలేదు. ఆయనది కపట ప్రేమ అనడానికి వీలు లేదు. ఆయన ఇంగ్లండు తిరిగి వెళ్ళలేదు. మళ్ళీ గిరిజన మహిళనే, లీలను, వివాహం చేసుకున్నాడు. 1954లో భారత పౌరుడయ్యాడు. ఈశాన్య సరిహద్దు ప్రాంత పాలనకు గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. 1961లో పద్మభూషణ్ అందుకున్నాడు. 1964లో ఆయన మరణానంతరం వెలువడిన ఆత్మకథకు మరుసటి ఏడు సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఆ గ్రంథంలో కోసీకి దక్కినవి కొద్ది వాక్యాలు మాత్రమే. ఆ మౌనానికి కారణం వేదన కావచ్చు. వేదన ఆమెకూ ఉన్నది. ఆమె మండ్లా ప్రాంతంలోనే జీవితం గడిపింది. ఆమె పలుకు లోకానికి వినిపించినది ఎన్నో ఏళ్ళకు, వెదకివచ్చిన పాత్రికేయుల ద్వారా.

భిన్న జీవన విధానాలకు చెందిన ఇద్దరు ప్రేమించుకోవడం అసాధ్యం కాదు. ఒకరి తిండి, నుడి, ఆట, పాట మరొకరు నేర్చుకోవచ్చు. బంధం తెగిన నాడు తన మాట తాను చెప్పుకొనే హక్కు ఇద్దరికీ సమానంగా ఉన్నదా అన్నదే ఆ ప్రేమకు పరీక్ష. గిరిజనుల జీవితాన్ని గ్రంథస్థం చేసేవారు, వారి క్షేమానికి ప్రణాళికలు రచించేవారు సైతం ఈ ప్రశ్నకు అతీతులు కారు. ఘోటుల్‌లో చేలిక్‌కూ మోతియారికీ మధ్య వివాదం పుడితే ఆ ఘోటుల్ సభ్యులందరూ కూర్చొని విచారించే ఆనవాయితీ ఉండేది. అక్కడ ఆడపిల్ల మాట కూడా వినేవారు.