అట్టల విక్రాంత్

దోహాలో ముషైరిబ్ సందుల్లో మేమున్న రోజుల్లో, అంటే 1980ల మధ్యలో, శుక్రవారం వచ్చిందంటే ఇల్లంతా మైదా బంక వాసనే. అమ్మ ఓ పాత గిన్నెలో మైదా, నీళ్లు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి సన్నని సెగమీద కలుపుతుంటే, నాన్న వారమంతా ఉమ్ సయీద్‌లో ఇనుప రేకులు కోసి కోసి కాయలు కాసిన చేతులతో, చొక్కాల పెట్టెల్లోంచీ కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల్లోంచీ ఏరిన అట్టలు నేలమీద పరిచేవాడు.

గల్ఫ్‌కి రాకముందు నాన్న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేశాడు. అక్కడ మౌల్డ్ లాఫ్ట్ అనే పెద్ద హాలు ఉండేదట, దాని నేలమీద ఓడ గీతలన్నీ అసలు కొలతతోనే గీసి, వాటినిబట్టి అచ్చులు తీసి, ఆ అచ్చుల ప్రకారం ఉక్కు రేకులు కోసేవారట. ఆ విద్యనే నాన్న మా గది నేలమీదికి దించాడు. డాక్‌యార్డులో పనిచేసే మావయ్య పంపిన నేవీ కేలెండర్‌లో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ బొమ్మ ఉండేది, దాన్నే అట్టతో కట్టాలనుకున్నాం. ఏడువందల అడుగుల ఓడని రెండువందలో వంతుకి తగ్గిస్తే మూడున్నర అడుగులు, అంటే సరిగ్గా మా మంచం కింద పట్టేంత.

ముందు నిలువునా వెన్నుబద్ద, దానికి గాట్లు పెట్టి అడ్డంగా పక్కటెముకలు, ఆపైన తొడుగు. అట్టకీ పోగు ఉంటుంది, పోగు వెంట చుడితే వంగుతుంది, అడ్డంగా వంచితే విరుగుతుంది. మొన దగ్గర మాత్రం సన్నని పట్టీలుగా కోసి అతికించాల్సిందే. "ఒరేయ్, ఇనుమైనా అట్టైనా ఒకటేరా, రెండువైపులా ఒకేసారి వంగమంటే వంగదు" అనేవాడు నాన్న. బోఫోర్స్ తుపాకుల గొట్టాలు చీపురు పుల్లకి కాగితం చుట్టి తీసేవాళ్లం. డెక్కు మీద నిలబెట్టడానికి అలిజే విమానాలు రెక్కలు మడిచి చేయడం నా వంతు. ఆగస్టులో గాలిలోని తేమకి అట్ట ఉబ్బి మెత్తబడేది, అందుకని అతికిన ముక్కల్ని కిటికీ ఏసీ ముందు దండెం కట్టి ఆరేసేవాళ్లం. అమ్మ దుప్పట్ల పక్కనే యుద్ధనౌక ముక్కలు!

చేతులు పనిలో ఉంటే నాన్న నోట కబుర్లు వచ్చేవి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరాన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిపోయినప్పుడు కిటికీ అద్దాలు ఎలా గడగడలాడాయో, అది వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు ఎలా చేరిపోయిందో చెప్పేవాడు. మేం దోహాలో ఉన్న ఆ రోజుల్లో రేడియో పెడితే ఇరాన్-ఇరాక్ యుద్ధంలో చమురు ట్యాంకర్ల మీద దాడుల వార్తలే, పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మేము మాత్రం సాయంత్రం సముద్రం ఒడ్డున కార్నిష్‌కి పోయి, కట్టేసి ఉన్న చెక్క పడవల మొనలు ఎలా వంచారో దగ్గరగా చూసి వచ్చేవాళ్లం. చూసి నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నేనెరగను.

అసలు విక్రాంత్‌ని 1997 జనవరిలో సేవనుంచి తప్పించారు, 2014లో ముంబైలో విరవడం మొదలుపెట్టారు. 2022లో అదే పేరుతో కొచ్చిలో కొత్త ఓడ నౌకాదళంలో చేరింది. దాని పొడవు 262 మీటర్లు, నాన్న లెక్కన 131 సెంటీమీటర్లు. మా మనవడితో కలిసి వెన్నుబద్ద కోయడం మొదలుపెట్టాను. మీ ఇంట్లో పిల్లలు ఖాళీ అట్టపెట్టె అడిగితే పారేశామనకండి, దాంతోపాటు ఓ స్కేలూ, పదునైన కత్తెరా కూడా ఇచ్చి, పక్కన కూర్చోండి.