తమ్ముడు సాదుకోవడానికి ఏ పిల్ల మంచిది?



పరీక్షల్లో "పెంపుడు జంతువు" గురించి వ్యాసం రాయమంటారు. మనమందరం కుక్క గురించో, ఆవు గురించో పది వాక్యాలు రాస్తాం. కుక్కకు నాలుగు కాళ్ళు, కుక్క విశ్వాసం గలది అని రాస్తే మార్కులు పడతాయి. కాని ఇంట్లో ఉన్న ఆరేండ్ల పిల్లవాడికి నిజంగా ఒక ప్రాణిని తెచ్చి చేతిలో పెట్టాలంటే ఆ పది వాక్యాలు పనికిరావు. పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో ఈ ముచ్చట వచ్చింది. దాని గురించే రాస్తున్నాను.

మాది పాలంపేట దగ్గర ఒక కోయ గూడెం. ఇంట్లో మేమిద్దరమే పిల్లలం. నేను ఐదో తరగతి నుంచి హాస్టల్లోనే ఉంటున్నాను. అవ్వ, నాయిన పొద్దున్నే మిరప తోటలకు, పత్తి చేన్లకు కూలికి పోతారు. తమ్ముడు బడి నుంచి వచ్చినంక ఇంటికాడ తాత తప్ప ఎవరూ ఉండరు. తాతకు చెవులు సరిగ్గ వినపడవు. అందుకని వాడు "అక్కా, నాకు సాదుకోను ఏదన్న పిల్లను తే. నువ్వు హాస్టలుకు పోతవ్ గద, అది నా దగ్గర ఉంటది" అన్నడు.

నాయిన నా దిక్కు చూసి "నువ్వు సదువుకున్నదానివి, ఏది మంచిదో నువ్వే చెప్పు బిడ్డా" అన్నడు. మా ఇంట్లో ఇంత పెద్ద క్లాసు దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఎరువు సంచి మీద ఏం రాసి ఉన్నదో చదవమంటారు, రేషన్ కార్డు చూడమంటారు. కాని ఏం చేద్దాం అని నన్ను అడిగింది అదే మొదటిసారి. అందుకే తొందరపడకుండా అన్నీ చూసి చెప్పాలనుకున్నాను.

ముందుగా వాడినే అడిగిన. వాడు ఏనుగు కావాలన్నడు! రామప్ప గుడికి పోయినప్పుడు గోడల కింద చుట్టూ వరుసగా చెక్కిన ఏనుగులను చూసిండు. ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని మన సోషల్ సారు చెప్పారు కదా. అవ్వ నవ్వి, "ఆ ఏనుగులు ఎనిమిది వందల ఏండ్ల నుంచి మేత అడగకుంట నిలబడ్డయి కొడుకా. నువ్వు తెచ్చేది అట్ల నిలబడదు" అన్నది.

తర్వాత వాడు రామచిలుక అన్నడు. మా పక్కింటాయన "చెట్టు తొర్రల పిల్లలు పెట్టే కాలం రానీ, నేను తీసిస్త" అని మాట కూడ ఇచ్చిండు. నేను వద్దన్న. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2022లో దాన్ని సవరించారు. ఆ చట్టం ప్రకారం మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం అన్నీ నేరమే. డబ్బులు పెట్టి కొన్నాం అంటే తప్పు పోదు. ఇది చట్టం మాట. ఇంకో మాట కూడ ఉన్నది. తొర్రలో చెయ్యి పెట్టి తీసేది ఈకలు రాని పిల్లను. దాన్ని తీయడానికి కొమ్మ నరుకుతారు. ఆ తొర్రలో మళ్ళీ ఏ పిట్టా గుడ్లు పెట్టదు. బతికిన చిలుక ఇరవై ఏండ్లకు పైన కూడ బతుకుతది. అప్పటికి మా తమ్మునికే పిల్లలుంటరు. వాని ఆరేండ్ల ముచ్చటకు అది ముసలిదయ్యేదాక పంజరంలో ఉండాలె.

ఇక కుందేలు పిల్ల. పత్తి ఏరేటప్పుడు చేనులో ఒక్కొక్కసారి కుందేలు పిల్ల ఒంటరిగా కనపడుతది. "పాపం, తల్లి లేదు" అని ఒడిలో వేసుకొని వస్తారు. మన ఊర్లల్ల ఇది అందరికీ తెలిసిందే. కాని దానికి తల్లి ఉంటది. అడవి కుందేలు పిల్లలు పుట్టేటప్పటికే ఒంటి నిండ బొచ్చు ఉంటది, కండ్లు తెరిచే ఉంటయి. తల్లి వాటిని గడ్డిలో దాచి దూరం పోతది. తల్లి పక్కనే ఉంటే నక్క, కుక్క వాసన పడతయి. అందుకని చీకటి పడ్డంక వచ్చి పాలిచ్చి పోతది. మనం దయ అనుకొని తెచ్చిన పిల్ల కోసం ఆ తల్లి రాత్రి వచ్చి వెతుక్కుంటది. ఇంట్ల పెడితే ఆవు పాలు అరగక రెండు మూడు దినాలల్ల చచ్చిపోతది. పైగా అడవి కుందేలుకు కూడ ఆ చట్టమే. రామప్ప చెరువు చేపల వలల్ల పడే తాబేలుకూ అంతే. తాబేలు ఇంట్ల ఉంటే కలిసొస్తదని కొందరంటారు. నీళ్ళల్ల తిరిగేదాన్ని బిందెలో పెడితే దానికేం కలిసొస్తది?

పట్నంల అమ్మే తెల్ల కుందేలు వేరే జాతి. దాన్ని సాదవచ్చు. అది పుట్టినప్పుడు బొచ్చు ఉండదు, కండ్లు తెరవదు. కాని మా ఇంటికి గట్టి తలుపు లేదు. కుక్కలు, జంగపిల్లి తిరుగుతయి. ఎండాకాలం రేకుల కింద అది తట్టుకోదు. దానికి పెట్టే ఖర్చు మా ఇంట్ల లేదు. అందుకని అది కూడ వద్దనుకున్నం.

కుక్కపిల్ల గురించి చాలా సేపు మాట్లాడుకున్నం. ఊర్లో కుక్కపిల్లకు కొదువ లేదు. తాతకు కూడ కుక్క అంటే ఇష్టం. కాని తల్లి దగ్గర కనీసం రెండు నెలలు ఉంచాలె. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలె, తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్ళీ వేయించాలె, ఏడాదికోసారి మరవకూడదు. రేబిస్ లక్షణాలు కనపడ్డంక మందు లేదు, ప్రాణం పోతది. కాని కరిచిన వెంటనే టీకాలు మొదలుపెడితే ఆపవచ్చు. 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ ఈ టీకాను తొమ్మిదేండ్ల పిల్లవానికి ఇచ్చి బతికించాడు. మనం గుర్తు పెట్టుకోవలసింది ఏమంటే, కుక్క కరిచినా, గీరినా పుండును సబ్బు పెట్టి పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలె. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే దినం ప్రభుత్వ దవాఖానకు పోవాలె. తిడతారని చిన్నపిల్లలు కరిచిన సంగతి దాస్తారు. మా ఇంట్ల పగలు చూసేవాళ్ళు లేరు. తాతకు పిలిస్తే వినపడదు. అందుకే "తమ్ముడు నాలుగో తరగతికి వచ్చినంక కుక్కపిల్లను తెద్దాం" అని చెప్పిన. నాయిన సరే అన్నడు.

మేకపిల్ల మాట అవ్వ ఎత్తింది. మేకపిల్ల ముద్దుగా ఉంటది, పిల్లల వెంబడి ఉరుకుతది, అది నిజం. కాని మేక అంటే మా ఇంట్ల దాచుకున్న డబ్బు. ఎవరికన్న జ్వరం వస్తే అమ్మేది మేకనే. నాకు హాస్టలుకు పెట్టె, దుప్పటి కొన్నది కూడ మేకను అమ్మే. దాన్ని వానిది అని చెప్పి, ఆపద వచ్చిన దినం తాడు పట్టుకొని సంతకు తోలితే వాడు ఏమనుకుంటడు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. ఇంతకు ముందు ఎండాకాలంలో వాడు ఒక ఎర్ర పుంజును సాదుకున్నడు. వాడు పిలిస్తే వచ్చి చేతిలో నూకలు తినేది. ఒక దినం చుట్టాలు వచ్చిన్రు. పుంజును కోసిన్రు. వాడు అడిగితే జంగపిల్లి ఎత్తుకపోయిందని చెప్పిన్రు. వాడు చింతచెట్టు కింద ఈకలు చూసిండు. జంగపిల్లి ఈకలను కుప్ప చేసి పెట్టదని వానికి తెలుసు. అప్పటి నుంచి ఇంట్ల ఏ కోడినీ పేరు పెట్టి పిలువలేదు. నేను హాస్టల్లో ఉన్న. సెలవులకు పోయినప్పుడు వాడే నాకు చెప్పిండు.

పుస్తకంలో పెంపుడు జంతువు అంటే ముద్దు చేయడానికే ఉంటది. మన ఇండ్లల్ల అట్ల కాదు. సాదిన ప్రతిదానికీ ఒక పని ఉంటది. కోడి కూరకో, అమ్మకానికో, మొక్కుకో పోతది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేండ్లకోసారి మాఘమాసంలో వస్తది. అప్పటికి కోడిని మొక్కుకున్న ఇండ్లు మన దగ్గర ఎన్ని లేవు! అది తప్పని నేను అనను. అది మన మొక్కు. కాని ఏది దేనికి పోతదో పిల్లవానికి ముందే చెప్పాలె. చెప్పకుండ ముద్దు చేయనిచ్చి, తర్వాత అబద్ధం ఆడకూడదు.

అందుకని నేను కోడిపిల్లే చెప్పిన. కాని ఒక షరతు పెట్టిన. "అవ్వా, ఒక పెట్ట వానిది. అది కూరకు పోదు, అమ్ముడు పోదు, మొక్కుకు పోదు." అవ్వకు కోపం వచ్చింది. "తినే ఇంట్ల కోడికి అంత భోగమా?" అన్నది. నేను "పెట్ట గుడ్లు పెడుతది గద. విడతకు పది పదిహేను గుడ్లు పెట్టినా నాలుగైదేండ్లు దాని తిండి అదే సంపాదిస్తది" అని లెక్క చెప్పిన. నాయిన ఒప్పుకున్నడు. అవ్వ ఏమనలేదు, కాని గంపలో గడ్డి వేసి పన్నెండు గుడ్లు పొదిగేసింది.

ఇరవై ఒక్క దినాలకు తొమ్మిది పిల్లలైనయి. అప్పటికి నేను హాస్టలుకు వచ్చిన. ఆదివారం ఫోన్ల తమ్ముడు లెక్క చెప్పేది. వానికి రెండు పనులే అప్పజెప్పిన: మూకుడులో నీళ్ళు పోయుడు, పొద్దు గూకంగనే లెక్కబెట్టి గంప కింద కమ్ముడు. రోజూ లెక్కబెట్టి వాడు తొమ్మిది దాకా తప్పు లేకుండ నేర్చుకున్నడు. తాత చెదలు పట్టిన కట్టె తెచ్చి దులిపేది, పిల్లలు ఉరికొచ్చి ఏరుకునేవి. నాయిన మొదటి వారంలోనే పశువుల దవాఖాన నుంచి కొక్కెర తెగులు టీకా చుక్కలు తెచ్చి కండ్లల్ల వేయించిండు. ఆ టీకా వేడికి పాడవుతది, మంచుముక్కల మధ్య పెట్టి తేవాలె. కొక్కెర వస్తే ఒక్క ఇంటితో ఆగదు, ఊరు ఊరంత కోళ్ళు మెడలు తిప్పుకుంట చస్తయి. అందుకని పక్క ఇండ్ల పిల్లలకు కూడ వేయించమని నేను ఫోన్ల చెప్పిన. మూడు ఇండ్లవాళ్ళు వేయించిన్రు.

రెండు పిల్లలను గద్ద తన్నుకపోయింది. నేను సంక్రాంతికి పోయేటప్పటికి ఏడు మిగిలినయి. అప్పటికి నెత్తి మీద తురాయి, తోక ఈకలు చూసి పుంజు ఏదో, పెట్ట ఏదో తెలుస్తది. నాలుగు పుంజులు, మూడు పెట్టలు. రెండు పుంజులు మొక్కుకు, రెండు అమ్మకానికి అని నాయిన వాని ముందే చెప్పిండు. మూడు పెట్టల్ల ఒకటి నీది, ఏరుకో అన్నడు. అన్నిటికంటే బలిసిన నల్ల పెట్ట ఉన్నది. వాడు దాన్ని పట్టలేదు. కాలి వేలు వంకర పోయిన చిన్నదాన్ని పట్టుకున్నడు. ఎందుకురా అంటే "దీన్ని ఎవ్వరు కొనరు అక్కా" అన్నడు.

అవ్వ ఆ మాట విన్నది. "కొనేటోళ్ళు వచ్చినా అమ్మను కొడుకా" అన్నది. ఆ సాయంత్రం వాడు దానికి పేరు పెట్టిండు. ఆ పేరు ఎవరికీ చెప్పొద్దన్నడు, అందుకని ఇక్కడ రాయడం లేదు. పుంజులు పోయిన దినం ఏడ్చిండట. కాని ఏమైనయని ఎవరినీ అడగలేదు, చింతచెట్టు కింద వెతకలేదు.

మీ ఇండ్లల్ల చిన్న తమ్ముడో చెల్లెనో ఉంటే, ఏదన్న పిల్లను ఇచ్చే ముందు ఈ ఐదు సంగతులు చూడండి:

1. అది అడవిదా, ఇంటిదా? అడవిదైతే అడవిలోనే ఉండనియ్యండి.
2. తల్లిని విడిచి బతికే వయసు వచ్చిందా?
3. మీరు హాస్టల్లో ఉన్నప్పుడు దాన్ని చూసే పెద్దవాళ్ళు ఎవరు? చిన్నపిల్లలకు ఒకటి రెండు పనులే అప్పజెప్పాలె.
4. టీకా ఎక్కడ దొరుకుతది, ఎవరు తెస్తరు? పిల్లను ముట్టుకున్నంక చేతులు సబ్బుతో కడుగుతున్నరా?
5. చివరికి అది ఏమైతదో పిల్లవానికి ముందే చెప్పిన్రా?

ఐదో ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. దాన్ని పెద్దవాళ్ళు అడగరు, మనమే అడగాలె. వచ్చే సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు అడిగి, ఏమన్నరో రాసుకొచ్చి ఈ గోడ పత్రికకు ఇవ్వగలరని నా మనవి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని