ఆరో బోల్టు

మీటరు 40 చూపిస్తోంది. నా చేతిలో ఫోనేమో జీపీఎస్‌లో 48 అంటోంది. పక్కన స్టీరింగ్ పట్టుకున్న మా ఇంటి ఓనరుగారు 'ఎంత వచ్చింది?' అని అరుస్తున్నారు. బండికి తలుపుల్లేవు, పైకప్పు లేదు, ముందు అద్దం ఇంకా బిగించలేదు. గాలికి వినపడనట్టు నటించాను. ఆ మీటరు పెట్టింది నేనే మరి.

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఎమ్మెస్ చేస్తూ ఒక పెద్దాయన ఇంట్లో గది తీసుకున్నాను. రిటైరైన మనిషి. మూడేళ్లుగా గరాజులో కిట్ కారు కడుతున్నారు. ఛాసిస్, బాడీ విడిగా కొంటారు, ఇంజిను, డిఫరెన్షియల్ లాంటివి ఏదో పాత కారులోంచి పీకి తెచ్చుకుంటారు. ఇక్కడ దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని చాలామంది విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లట. అలా కొంటే కొత్త కారు మీద పడే పన్ను తప్పేది. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది, పిచ్చి మాత్రం పోలేదు.

మొదటి రోజే ఆయన 'ఏం చదివావు?' అని అడిగితే 'బీటెక్ మెకానికల్' అని గొప్పగా చెప్పాను. నాలుగేళ్లలో నేను పానా పట్టుకున్నది ల్యాబ్ ఎగ్జామ్ రోజున ఒక్కసారే. ఆ సంగతి చెప్పలేదు. ఆయన సంతోషపడి, 'అయితే స్పీడోమీటరు నీది' అన్నారు.

మా నాన్న లారీ డ్రైవరు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన్ని ఎరగని మెకానిక్ ఉండడు. నన్ను మాత్రం ఎప్పుడూ షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. 'నీ చేతికి గ్రీజు అంటకూడదురా' అనేవాడు. అంటలేదు. అదే ఇప్పుడు ఇక్కడ చిక్కయింది.

మీటరు చూడ్డానికి చిన్న డిజిటల్ డబ్బా. వెనక డ్రైవ్‌షాఫ్ట్ ఫ్లాంజ్‌కి ఆరు బోల్టులుంటాయి. వాటి తలలకు ఎదురుగా ఒక సెన్సరు, మధ్యలో మిల్లీమీటరు సందు. ఒక్కో బోల్టు తల ఎదురుగా వచ్చినప్పుడల్లా ఒక పల్స్ పోతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఆరు. మైలుకి ఎన్ని పల్సులో మనం డబ్బాకి చెబితే చాలు, మిగతా లెక్క అది చూసుకుంటుంది.

మొదటిసారి ఇంజిను స్టార్ట్ చేస్తే, గరాజులో కదలకుండా నిలబడ్డ బండి 70 మైళ్ల వేగం చూపించింది. ఓనరుగారు నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. సెన్సరు వైరుని నేను స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కనుంచి లాగాను, ఆ కరెంటు గోల ఇందులో దూరింది. షీల్డు ఉన్న వైరు తెచ్చి, దూరంగా తిప్పి, షీల్డుని ఒక కొసనే ఎర్త్ చేస్తే సద్దుమణిగింది.

తర్వాత చక్రం చుట్టుకొలత. టైరు 185/60 ఆర్14. కాగితం మీద లెక్కేస్తే 1815 మిల్లీమీటర్లు. కానీ బరువు పడితే టైరు కాస్త నలుగుతుంది కదా. ఓనరుగారిని సీట్లో కూర్చోబెట్టి, టైరుకీ నేలకీ సుద్దతో గీత పెట్టి, రెండు చుట్లు తోసి టేపుతో కొలిచాను. 3 మీటర్ల 54 సెంటీమీటర్లు. అంటే చుట్టుకి 1770 మిల్లీమీటర్లే. మైలుకి 5455 పల్సులు. ఆ అంకె ఎక్కించాను. అంత గర్వంగా నేను ఏ అసైన్‌మెంటూ సబ్మిట్ చేయలేదు.

రిజిస్ట్రేషన్ కాని బండి టెస్టుకి పోవడానికి తప్ప రోడ్డెక్కకూడదు. అందుకే ఎవరిదో పొలంలో ఉన్న పాత రన్‌వేకి ట్రెయిలర్ మీద తీసుకెళ్లాం. అక్కడే ఈ 40, 48 గొడవ. టెస్టు రూలేమిటంటే మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపించొచ్చు, వేగంలో పదో వంతు, దానిపైన 6.25 మైళ్ల దాకా. తక్కువ మాత్రం ఒక్క మైలు కూడా చూపించకూడదు. మాదేమో ఏకంగా ఎనిమిది తక్కువ. టెస్టు ఇంకో పది రోజులు.

నేనేం చేశానో చెప్తే మీరూ అదే చేసేవాణ్నంటారు. 5455ని 4545కి మార్చాను. మళ్లీ పరిగెత్తించాం. అంకె కాస్త వణికింది గానీ ఫోను 48, మీటరు 48! ఓనరుగారు నా భుజం తట్టారు.

సాయంత్రం ఆరింటికి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. గొప్పగా అంతా చెప్పాను.

'అంకె ఎందుకు మార్చావు?'

'సరిపోవాలి కదా నాన్నా.'

'కొలత తప్పా?'

'లేదు. రెండుసార్లు కొలిచా.'

'కొలత కరెక్టయితే అంకె ఎందుకు మార్చావురా? బండి జాకీ మీదెక్కించి, చక్రం చేత్తో తిప్పి లెక్కపెట్టు.'

ఆయన లారీలో మీటరు ముల్లు నాకు తెలిసినప్పటినుంచీ సున్నా దగ్గరే చచ్చిపడి ఉంది. ఇంజిను చప్పుడు బట్టి వేగం చెప్పేవాడు. అలాంటి మనిషి నాకు డిజిటల్ మీటరు పాఠం చెప్తున్నాడేంటా అని లోపల కాస్త ఉక్రోషం. అయినా గరాజుకెళ్లి జాకీ పెట్టాను. సెన్సరు వెనక చిన్న ఎర్ర లైటుంటుంది, బోల్టు ఎదురుగా వచ్చినప్పుడల్లా వెలుగుతుంది. తిప్పాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్లీ ఒకటి.

48లో ఆరింట ఐదొంతులు ఎంత? 40. అక్కడ రన్‌వే మీదే వెలగాల్సిన బుర్ర.

వంగి చూస్తే ఒక బోల్టు తల మిగతావాటికన్నా పొట్టిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. బిగించేటప్పుడు ఒకటి చెయ్యి జారి ఎక్కడో పడిపోతే, డబ్బాలోంచి అదే సైజుది తీసి నేనే వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఫోను దగ్గరగా పెట్టి నాన్నకి చూపించాను.

'తల మీద అంకె ఏముంది?'

'8.8.'

'మిగతావాటి మీద?'

'10.9.'

నాన్న కాసేపు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ఆ అంకెలు బోల్టు బలానికి గుర్తులు. ఇంజిను లాగుడంతా ఆ ఫ్లాంజ్ మీదే పడుతుంది. పొద్దున దాని మీదే డెబ్బై ఏళ్లాయన, నేను రన్‌వే మీద పరిగెత్తాం.

'ముందు ఆయనకి చెప్పు. తర్వాత బోల్టు మార్చు' అన్నాడు నాన్న.

చెప్పాను. మెకానికల్ కథ కూడా. ఓనరుగారు ఏమీ అనకుండా లోపలికెళ్లారు. టీ కలుపుకోవడానికనుకుంటా, ఇక్కడ ఏం జరిగినా ముందు అదే. తిరిగొచ్చి రెండు కప్పులు బెంచీ మీద పెట్టి, ఆరు బోల్టులూ విప్పమన్నారు. ఆరూ కొత్తవి వేశాం. టార్క్ రెంచ్ ఆయన పట్టుకోలేదు, నా చేతికే ఇచ్చారు, పక్కన నిలబడి చూశారు.

మళ్లీ రన్‌వే. ఈసారి 5455 పెడితే ఫోనూ మీటరూ ఒకటే మాట, వణుకు కూడా లేదు. తక్కువ వైపు జారకూడదు కాబట్టి అంకెని 5250కి దించాం, అసలు 50కి మీటరు 52 చూపిస్తుంది.

టెస్టులో రోలర్ల మీద ఎక్కించి చూశారు, మీటరు పాసైంది. ఒక బ్రాకెట్ అంచు పదునుగా ఉందని బండి మాత్రం ఫెయిలైంది. ఆ బ్రాకెట్ నాది కాదు, అది ఓనరుగారి పని!

బయటికొచ్చి మీటరు ఫొటో తీసి నాన్నకి పంపాను. నిమిషంలో ఫోన్ చేశాడు.

'సున్నా చూపిస్తోందేంట్రా, ఇదీ పాడైందా?'

'ఆగి ఉంది నాన్నా.'